ఉపా కేసులో ఉచిత వకీలు ఎంతవరకు పనికొస్తాడు

ధర: సున్నా. దొరికే చోటు: జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు. ఫోన్: 15100. గ్యారంటీ కార్డు: రాజ్యాంగంలోని 22, 39ఎ అధికరణాలు.

గెట్టు పంచాయితీకో, మనోవర్తి కేసుకో ఈ సేవ ఎట్లుంటదో చెప్పడం సులువు. కానీ బండి బ్రేకుల సంగతి అచ్చంపేట రోడ్డు మీద తేలదు, దోమలపెంట దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తేలుతుంది. ఉచిత న్యాయ సహాయానికి అట్లాంటి ఘాట్ రోడ్డు ఉపా, అంటే 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం. తీవ్రవాద ఆరోపణ పడ్డ మనిషికి ఈ సేవ ఎక్కడ పట్టు ఇస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్నంత వరకే ఈ సమీక్ష.

ముందు ఒక పొరపాటు దిద్దుకోవాలె. "సర్కారు వకీలు" అంటే మన దగ్గర పీపీ, పోలీసుల తరఫున వాదించే మనిషి. న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే వకీలు అతను కాదు. జీతమో ఫీజో ప్రజల సొమ్ములోంచే వచ్చినా పని మాత్రం ముద్దాయి కోసమే. ఈ తేడా తెలియక "వాళ్లూ వాళ్లూ ఒక్కటే" అని మొదటి రోజే చేతులెత్తేసే కుటుంబాలు ఉంటాయి. పోయేది ఆ మొదటి రోజే, అదే అన్నిటికన్నా ఖరీదైంది.

ఎవరికి ఇస్తారు? 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా. ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు, తెల్లకార్డు అక్కర్లేదు. ఏ కేసులో కస్టడీ అన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. జేబుదొంగకు ఎంతో, ఉపా ముద్దాయికీ అంతే. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు కస్టడీతో సంబంధం లేకుండానే హక్కుంది. దరఖాస్తుకు ముద్రించిన ఫారమే కావాలని లేదు, తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు. రాయలేని వాళ్లు నోటితో చెప్తే అక్కడివాళ్లే రాసుకుంటారు. జైల్లో ఉంటే జైల్లోని న్యాయ సహాయ క్లినిక్‌లో పారా లీగల్ వాలంటీర్ చేతికి ఇవ్వొచ్చు. 2022 జూన్‌లో తెలంగాణలో 33 న్యాయ జిల్లాలు వచ్చాక నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, సూర్యాపేట వాళ్లు పాత జిల్లా కేంద్రాల దాకా పోవాల్సిన పని తప్పింది. అర్హత వరకు చూస్తే ఈ సేవకు వంక పెట్టడానికేమీ లేదు.

ఈ సదుపాయం ఊరికే వచ్చింది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసిన 12 మంది తరఫున డి.ఎన్. ప్రిట్ ఇంగ్లండు నుంచి వచ్చి వాదించారు. విచారణలో మాకు వకీలును ఇయ్యలేదన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. 1951లో జనార్దన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా తగ్గాయి, అది వేరే కథ. ముద్దాయి అడగకపోయినా ఉచిత వకీలును ఇవ్వాల్సిందే, ఇవ్వకుండా వేసిన శిక్ష నిలవదు అని అదే కోర్టు సుఖ్ దాస్ కేసులో చెప్పేసరికి 1986 వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. తీవ్రవాద ఆరోపణ పడితే రాజ్యాంగ హక్కులు పోతాయా? ఉపా పుస్తకం తెరిచి చూస్తే, అది లాక్కున్నవి కొన్ని, ముట్టుకోనివి కొన్ని. ముందస్తు బెయిలు లేదు. పోలీసు కస్టడీ 15 రోజులకు బదులు 30 రోజుల దాకా అడగొచ్చు. చార్జిషీటు గడువు 90 రోజుల నుంచి 180 దాకా పెంచొచ్చు. కేసు డైరీ, చార్జిషీటు చూసి ఆరోపణ పైకి నిజమే అనిపిస్తోందని జడ్జి అనుకుంటే 43డి(5) కింద బెయిలు ఇవ్వకూడదు. లాక్కున్నవి ప్రధానంగా ఇవి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టడం, అరెస్టు ఆధారాలు చెప్పడం, నచ్చిన వకీలును పెట్టుకోవడం, తన మీద తాను సాక్ష్యం చెప్పకుండా ఉండటం, ఇవన్నీ ఉన్నచోటే ఉన్నాయి. 20, 21 అధికరణాలనైతే ఎమర్జెన్సీలో కూడా సస్పెండ్ చేయడానికి వీల్లేకుండా 1978లో 44వ సవరణ కట్టేసింది. ఇంకోటి చాలామందికి తెలియదు. ఇప్పుడు అమల్లో లేని తీవ్రవాద చట్టాలు టాడాలో, పోటాలో ఎస్పీ స్థాయి అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లేది. ఉపాలో ఆ ఏర్పాటు లేదు. ఠాణాలో ఒప్పుకున్నట్టు రాసుకున్న కాగితం దానంతట అది సాక్ష్యం కాదు, దాని వల్ల దొరికిన వస్తువు మేరకే లెక్క. అందుకే తెల్ల కాగితం మీద, చదవని పంచనామా మీద సంతకం పెట్టొద్దని మొదటి గంటలోనే చెప్పే వకీలు కావాలె.

ఈ సేవ గట్టిగా జారేది కూడా అక్కడే. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2019 మార్గదర్శకాల ప్రకారం అరెస్టుకు ముందు ప్రశ్నించే దశలోనే ఉచిత వకీలు ఠాణాకు వెళ్లొచ్చు. సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ కూడా విచారణ సాగుతుండగా వకీలును కలిసే హక్కిస్తుంది, మొత్తం సేపు పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం కాదు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎవరో ఫోన్ చేస్తే కదా వకీలు వచ్చేది! మనిషిని తీసుకుపోయిన సంగతి ఇంటికి తెలిసేసరికి పొద్దెక్కుతుంది. ఫలానా రోజు "అరెస్టు చూపించారు" అని మన దగ్గర మామూలుగా అనే మాటలోనే తీసుకుపోయిన టైము వేరు, కాగితం మీది టైము వేరు అన్న అర్థముంది. 24 గంటల లెక్క తీసుకుపోయినప్పటి నుంచి మొదలు కావాలె. ప్రయాణానికి పట్టిన టైము అందులోంచి తీసేస్తారు. దేవరకొండలో పట్టుకుని నల్లగొండ కోర్టులో పెట్టడానికి ప్రయాణం సాకు ఎన్నో గంటలు నిలవదు.

15100కు ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఉండాల్సింది సానుభూతి కాదు, వివరాలు. ఏ టైముకు, ఏ జాగలో, ఎంతమంది వచ్చారు, బండి నంబరు, యూనిఫామ్ ఉందా, ఫోన్ ఎప్పుడు ఆగిపోయింది, చూసిన ఇద్దరి పేర్లు. పక్క దుకాణం సీసీటీవీ ఉంటే ఆ రోజే కాపీ తీయించుకోవాలె, కొద్దిరోజులైతే దాని మీద కొత్తది ఎక్కిపోతుంది. ఇవే వివరాలు మేజిస్ట్రేటుకు, ఎస్పీకి మెయిల్‌లో పంపితే టైముతో సహా రికార్డు మిగుల్తుంది. రేపు హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టించే పిటిషన్) వేయాల్సి వస్తే ఆ మెయిలే మొదటి కాగితం. అరెస్టయినవాళ్ల వివరాలు ఠాణాలో కనబడేలా పెట్టాలని సంహిత 37వ సెక్షన్‌లో ఉంది, అడగొచ్చు.

తర్వాత రిమాండు. మేజిస్ట్రేటు కోర్టుల్లో రిమాండు వకీలు ఉండే ఏర్పాటు ఉంది. మొదటిసారి హాజరుపరిచినప్పుడే నీకు వకీలు హక్కుందని మేజిస్ట్రేటు చెప్పి తీరాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది ఎవరి కేసులో? అజ్మల్ కసబ్ కేసులో. ఈ దేశ పౌరుడు కూడా కాని మనిషి కేసులో వచ్చిన మాట ఇయ్యాల మన ఠాణాల్లోంచి వచ్చే ప్రతి ముద్దాయికీ వర్తిస్తుంది.

రిమాండు వకీలు చేయాల్సిన పని పది నిమిషాలది, కానీ ఆ పది నిమిషాలు చదవాలె. చేతికిచ్చిన కాగితంలో "సాక్ష్యాలు తారుమారు చేయకుండా, పారిపోకుండా, మళ్లీ నేరం చేయకుండా" అని ఉంటే అవి అరెస్టు కారణాలు, ఎవరి మీదైనా అచ్చు వేయొచ్చు. కావాల్సింది అరెస్టు ఆధారాలు: ఈ మనిషి ఫలానా తేదీన ఫలానా పని చేశాడన్న వివరాలు. ఈ రెండింటి తేడాను 2024 మే 15న ప్రబీర్ పురకాయస్థ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది, ఉపాలో ఆధారాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే అంది. 2025 నవంబరులో మిహిర్ షా తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది: ముద్దాయికి అర్థమయ్యే భాషలో, రిమాండుకు కనీసం 2 గంటల ముందు ఇవ్వాలె. తెలుగో ఉర్దూయో తప్ప రాని మనిషి చేతిలో ఇంగ్లీషు కాగితం పెడితే అది ఇచ్చినట్టు కాదు. ఈ అభ్యంతరాన్ని రిమాండు రోజునే రాసి ఇచ్చి, డాకెట్‌లో, అంటే కోర్టు ఆ రోజు రాసే రికార్డులో, ఎక్కించమని అడగాలె. ఆర్నెల్ల తర్వాత గుర్తొస్తే బలం తగ్గుతుంది.

ప్రబీర్ కేసులో మన సమీక్షకు పనికొచ్చేది ఇంకోటుంది. 2023 అక్టోబరు 3న అరెస్టు చేసి, మర్నాడు పొద్దున్నే ఆరింటికల్లా జడ్జి ముందు పెట్టారు. ఆయనకు సొంత వకీలు ఉన్నారు, కానీ వాళ్లకు చెప్పకుండా న్యాయ సహాయపు రిమాండు వకీలును నిలబెట్టారు. సుప్రీంకోర్టు ఆ అరెస్టును, రిమాండును చెల్లవని కొట్టేసింది. అంటే ఉచిత వకీలు ఒక్కోసారి ముద్దాయికి రక్షణ కాదు, గడి నింపడానికి సంతకం. ఈ సేవలో అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం ఇదే. 22వ అధికరణం అన్నది "నచ్చిన వకీలు" అని. ఉచిత వకీలు ఉన్నది వకీలు లేనోళ్ల కోసం, ఉన్నోళ్ల వకీలును బయట నిలబెట్టడానికి కాదు. మంచి రిమాండు వకీలు అడిగే మొదటి ప్రశ్న "నీకు వకీలు ఉన్నాడా, ఫోన్ నంబరు చెప్పు" అయి ఉండాలె.

వకీలు నాణ్యత గురించి అడుగుతారు. 2022 నుంచి నల్సా పెట్టిన డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో క్రిమినల్ కేసులకు పూర్తికాలం పనిచేసే వకీళ్లు ఉంటారు. చీఫ్‌కు కనీసం 10 ఏళ్లు, డిప్యూటీకి 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలె, ప్రైవేటు కేసులు పట్టకూడదు. పాత ప్యానెల్ పద్ధతి కన్నా ఇది నయం. కానీ జిల్లా కోర్టులో హత్య కేసులు నడిపిన అనుభవం వేరు, ఉపా వేరు. ఉపా కేసును చీఫ్‌కో డిప్యూటీకో ఇవ్వమని రాతపూర్వకంగా అడగొచ్చు, అడగాలె. వకీలు పట్టించుకోకపోతే మార్చమని సంస్థ కార్యదర్శికి దరఖాస్తు పెట్టొచ్చు. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. మా బార్ నుంచి ఎవరం ఈ కేసు పట్టం అని తీర్మానం చేస్తే అది చెల్లదని 2010లోనే సుప్రీంకోర్టు మహమ్మద్ రఫీ కేసులో తేల్చేసింది.

ఇప్పుడు 90వ రోజు. ఉపాలో బెయిలు తలుపు దాదాపు మూసుకున్నట్టే ఉంటుంది గనక, పక్కనున్న ఈ కిటికీ విలువ ఎక్కువ. గడువులోగా చార్జిషీటు రాకపోతే ఇచ్చే బెయిలుకు 43డి(5) అడ్డురాదు. కానీ లెక్క తప్పితే కిటికీ మూసుకుంటుంది. రిమాండు చేసిన రోజు కూడా లెక్కలోకే వస్తుందని 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మార్చి 3న మొదటి రిమాండు అనుకుందాం. మార్చిలో 29 రోజులు, ఏప్రిల్ 30, మే 31. కూడితే 90. మే 31తో గడువు తీరింది, జూన్ 1 పొద్దున కోర్టు తెరవంగనే పిటిషన్ పడాలె. "మూడు నెలలు" అని నోటి లెక్క వేసుకుని జూన్ 3న వస్తే ఈలోగా చార్జిషీటు పడిపోయి ఉండొచ్చు. చార్జిషీటు పడ్డాక వేసిన పిటిషన్‌కు విలువ లేదు. 180కి పెంచితే ఇదే లెక్కలో ఆగస్టు 29.

పెంచే పద్ధతి కూడా చూడాలె. పోలీసుల లెటరు చాలదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఎందుకు లోపలుంచాలె అని పీపీ సొంత రిపోర్టు ఇవ్వాలె. ఆ రోజు ముద్దాయిని హాజరుపరచాలె, సంగతి చెప్పాలె. ఆర్డరు ఇవ్వాల్సింది ప్రత్యేక కోర్టు, అది లేని చోట సెషన్స్ కోర్టు. మామూలు మేజిస్ట్రేటు పెంచితే చెల్లదని 2020లో బిక్రంజీత్ సింగ్ కేసులో తేలింది. ఉచిత వకీలుకు చేతిలో ఎన్నో కేసులు. అందుకే ఆ తేదీని కుటుంబమే క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టుకుని, వారం ముందు గుర్తుచేయడం మంచిది.

చార్జిషీటు వచ్చాక మొదట వెతకాల్సింది ఉపా 45వ సెక్షన్ అనుమతి, అంటే కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి. సాక్ష్యం మొత్తం చూసే స్వతంత్ర అధికారికి 7 పనిదినాలు, ఆ తర్వాత ప్రభుత్వానికి 7 పనిదినాలు. ఈ గడువులు తప్పనిసరి అని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది, అభ్యంతరముంటే మొదట్లోనే లేవనెత్తాలని కూడా అంది. తేదీలు మూడు రాసుకుని తీసివేత చేస్తే సరి, పెద్ద లా చదువు అక్కర్లేదు.

విచారణలో ఈ సేవ పలచబడుతుంది. కాపీలకు, కోర్టు ఫీజుకు ఖర్చు పెట్టుకుంటుంది, బాగానే ఉంది. కానీ ఉపా కేసంటే ఇయ్యాల ఫోన్లు, హార్డ్ డిస్కులు. పంచనామాలో రాసిన హాష్ విలువ (డేటా మారిందో లేదో చెప్పే కోడు), ల్యాబ్ రిపోర్టులోని హాష్ విలువ ఒక్కటేనా అని అక్షరం అక్షరం పోల్చాలె. ఎవిడెన్స్ చట్టం బదులు వచ్చిన సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు ఇవ్వాలె. దాన్ని ఎదురు ప్రశ్నించడానికి ముద్దాయి వైపు కూడా ఒక నిపుణుడు కావాలె. ఉచిత సేవలో వకీలు దొరుకుతాడు గానీ అట్లాంటి నిపుణుడు మామూలుగా దొరకడు. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కేసైతే విచారణ నాంపల్లిలో, మనిషి చర్లపల్లి జైల్లో. కల్వకుర్తి నుంచి ములాఖత్‌కు వచ్చే తల్లికి బస్సు కిరాయి ఎవరూ ఇవ్వరు.

బెయిలు కొట్టేస్తే చేసే పొరపాటు ఒకటుంది. అలవాటు ప్రకారం హైకోర్టులో మామూలు బెయిలు పిటిషన్ వేస్తారు. ఎన్‌ఐఏ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది అప్పీలుగా, ఇద్దరు జడ్జీల బెంచి ముందుకు పోవాలె, 30 రోజుల్లో. జిల్లా సంస్థ వకీలు పని జిల్లాతో ఆగుతుంది, హైకోర్టులో వేరే కమిటీ, వేరే వకీలు. ఫైలు చేతులు మారే ఈ సందులోనే రోజులు కరిగిపోతాయి. ఆర్డరు వచ్చిన రోజే సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టి, అదే రోజు హైకోర్టు న్యాయ సేవల కమిటీకి కూడా దరఖాస్తు పంపాలె. ఏళ్లుగా విచారణ సాగకపోతే 2021 నాటి నజీబ్ తీర్పు ముందు పెట్టొచ్చు. ఆ ముద్దాయి ఐదేళ్లకు పైగా లోపలుండగా ఇంకా 276 మంది సాక్షులు మిగిలే ఉన్నారు. ఆయనకు బెయిలొచ్చింది.

ఇదంతా చదివి "బాంబులు పెట్టేటోనికి ఇన్ని సౌకర్యాలేంది" అనేవాళ్లుంటారు. నల్లగొండ, పాలమూరు పిల్లలు కోచింగ్‌లకు పోయి హాస్టళ్లలో ఉండే దిల్‌సుఖ్‌నగర్‌లోనే 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలాయి, ఆ కోపం ఉత్తదేం కాదు. ఆ కేసులో ముద్దాయిలకు వకీళ్లు ఉన్నారు, ఎదురు ప్రశ్నలు జరిగాయి, 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసింది. హక్కులు ఇచ్చినందుకు కేసు వీగిపోలేదు. మక్కా మసీదు కేసు చూడండి. 2007 మే పేలుడు తర్వాత పట్టుకున్న పాతబస్తీ యువకులు నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత వేరేవాళ్ల మీద కేసు పెట్టారు, 2018లో వాళ్లూ విడుదలయ్యారు. అరెస్టయిన రోజు ఈ రెండు కేసుల ముద్దాయిలు టీవీలో ఒకేలా కనబడ్డారు. తేడా తేల్చింది విచారణే. విచారణ దాకా పోనివి కూడా ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తుండగా, అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆలేరు దగ్గర ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు, బూటకమని కుటుంబాలన్నాయి. వాళ్లు దోషులా కాదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చదు.

పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, మాత్రం ఈ సమీక్షలోకి రాదు. ముందస్తు నిర్బంధంలో 24 గంటల నియమం, వకీలు హక్కు రాజ్యాంగమే మినహాయించింది. అక్కడ దారి సలహా మండలి, హైకోర్టు రిట్. అరెస్టు కాగితం చేతికి రాగానే మొదట చూడాల్సింది ఇదే: ఉపానా, ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహిత 113వ సెక్షనా, పీడీనా. 113 కూడా తీవ్రవాద నేరమే, శిక్షలూ దాదాపు అవే. ఏది పెట్టాలో నిర్ణయించేది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. కానీ 43డి(5) ఉపా కేసులకే గనక, ఒక్క 113 కింద పెట్టిన కేసులో బెయిలు లెక్క వేరు.

మార్కులు వేయాలంటే: అర్హతకు 5కు 5. రిమాండు రోజుకు 2. తొంభయ్యో రోజుకు, ఇంట్లో క్యాలెండర్ చూసే మనిషి ఉంటే 4, లేకపోతే 2. విచారణకు రెండున్నర. డబ్బు పెట్టి పెట్టుకునే వకీలు దొరికినా మొదటి రోజు 15100కు ఫోన్ చేయడం దండగ కాదు. సొంత వకీలు వకాలత్ వేసిన రోజు నుంచి ఉచిత వకీలు తప్పుకుంటాడు, దానికి కట్టాల్సింది ఏమీ లేదు.